పంపుకు చేరని నాలుగు వోల్టులు

మోటారు బండ్ల కరెంటు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఒకటే. "మేడం, వోల్టులు కొలవడానికి ఏ మీటరు కొనమంటారు?" నేను చెప్పేదీ ఒకటే. ఏదైనా కొనండి. దాన్ని ఎక్కడ పెడతారు, తీగ ఏ స్థితిలో ఉండగా పెడతారు, అది చూపించిన అంకె చూసి నోటితో ఏమంటారు, పనంతా అక్కడే ఉంది. ముఖ్యంగా ఆ మూడోది.

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో ఒకే షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా వీధిలో ఎవరి కారైనా స్టార్టయితే చెవి అటే పోతుంది. తాళం తిప్పగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్ల పాటు వచ్చే ఆ సన్నటి రొద, అదే పెట్రోలు పంపు. ఆరోగ్యంగా ఉన్న పంపు రొద వింటే నాకు ఇప్పటికీ పొద్దున్నే మంచి కాఫీ తాగినట్టుంటుంది.

ఈ రాతలో ప్రమోషన్లూ సన్మానాలూ లేవు. ఒక పాత వ్యాను ఉంది. దాని విషయంలో నేను చేసిన తప్పు ఉంది. ఆ తప్పును నేనే పట్టుకున్న రోజు ఉంది. ఆ రోజు గురించి చెప్పాలంటే నాకు ఇప్పటికీ తొందరే, మాట మీద మాట పడుతుంది. అందుకే మొదటి నుంచి వరసగా చెప్పుకొస్తాను.

వైండింగ్ బల్ల

మా నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో ఫ్యాను పాడైతే బాగు చేసే ముందు నన్ను పిలిచి, "ఎస్తేరూ, ఇది ఎందుకు ఆగిందో చెప్పు" అనేవాడు. చెప్పేదాకా ఉక్కపోతలోనే కూర్చునేవాళ్ళం. అమ్మ ఇద్దరినీ తిట్టేది. ఆ అలవాటే నన్ను ఐ.టి.ఐ. దాకా, ఆ తర్వాత షెడ్డు దాకా తీసుకొచ్చింది.

షెడ్డు యజమాని యాదగిరి సేటు. వాళ్ళ తాతల కాలం నుంచి రాంగోపాల్‌పేట్‌లోనే ఉన్న కుటుంబం. నన్ను తీసుకున్నది బండ్లు ముట్టుకోవడానికి కాదు. కాలిపోయిన స్టార్టర్ మోటార్లకు, డైనమోలకు మళ్ళీ రాగి తీగ చుట్టడానికి. సన్నటి తీగ చుట్టడానికి ఆడవాళ్ళ వేళ్ళే బాగుంటాయని సేటు నమ్మకం. అది నిజమో కాదో నాకు తెలియదు గాని, ఉద్యోగం మాత్రం వచ్చింది.

ఆరేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్తాను. చచ్చిపోయిన మోటారు మీ ముందుకు వస్తే, దానికి వయసైపోయిందా, లేక ఎవరైనా చంపారా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగి ఉంటాయి, లోపల నల్లగా ఉంటుంది. తేడా తెలియకపోతే కొత్త మోటారు బిగిస్తారు, చంపినవాడు అక్కడే ఉంటాడు, దాన్నీ చంపుతాడు.

ఈ ముక్క అంత బాగా తెలిసిన మనిషినే నేను. అయినా ఏం చేశానో ముందుముందు చూస్తారు.

బల్ల మీద నుంచి బండి దగ్గరికి వెళ్ళింది మారేడ్‌పల్లిలో ఉండే ఒక రిటైరైన డాక్టరుగారి వల్ల. ఆయనకు బాగా పాతకాలపు ఇంగ్లీషు కారు ఉండేది. ఆ కార్లలో పెట్రోలు పంపు కరెంటుతో టిక్ టిక్‌మని కొట్టుకునేది. ఆగిపోతే ఆయన దిగి, డిక్కీ తెరిచి, చేతికర్రతో పంపును రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ నడిపేవాడు. ఒకరోజు కర్రకూ లొంగలేదు. మా మెకానిక్‌లు ఎవరూ ముట్టుకోకపోతే నేను విప్పాను. లోపల రెండు చిన్న బిళ్ళలు ఒకదానికొకటి తగిలి విడిపోతూ ఉంటాయి. అవి మాడిపోయి ఉన్నాయి. సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, బ్యాటరీ తీగ తగిలించాను. టిక్ టిక్ టిక్ అని గబగబా మొదలైంది. పెట్రోలు నిండేకొద్దీ నెమ్మదించింది. నిండగానే ఆగింది. మళ్ళీ కావలసినప్పుడు ఒక్క టిక్. డాక్టరుగారు చేతికర్ర చంకలో పెట్టుకుని పిల్లాడిలా నవ్వారు.

ఆ మర్నాడు నేను సేటుతో చెప్పాను, ఇక మీదట బండ్ల దగ్గర కూడా పనిచేస్తానని. ఆయన నా బట్టలకేసి చూసి, "చెయ్యి. కాని బురఖా లెక్క కోటు ఏస్కో, గ్రీజు అంటుతది" అన్నాడు. అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది.

సేటు మంచివాడే, కానీ

యాదగిరి సేటు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆయన నన్ను ఏనాడూ ఆడమనిషని చిన్నచూపు చూడలేదు. కస్టమర్ ఎవరైనా "ఆమె చేస్తుందా?" అని గొణిగితే, "ఆమె చెయ్యకుంటే ఇంకెవ్వరు చెయ్యరు, పో" అనేవాడు. అట్లాంటి యజమాని దొరకడం అదృష్టం.

కాని పనిలో ఆయనది ఒకే సూత్రం. మార్చి చూడు. లైటు వెలగకపోతే బల్బు మార్చు, బల్బు కాకపోతే స్విచ్ మార్చు. పాత కార్బురేటర్ బండ్లకు అది కొంతవరకు నడిచింది. ఆ తర్వాత కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే బండ్లు వచ్చాయి. వాటిలో పంపు ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి ఉంటుంది. ఆ పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. బయటి నుంచి కనపడదు, కర్రతో కొట్టడానికి అందదు. బండి ఆగితే ట్యాంకు దించాలి, పంపు మార్చాలి. మేమూ మార్చేవాళ్ళం. ఆ కాలంలో మేము చెత్తలో పడేసిన పంపుల్లో కొన్నయినా ఏ పాపం ఎరగనివేనని ఇప్పుడు నా అనుమానం.

తెల్ల వ్యాను

ఉమ్మడి రాష్ట్రం ఇంకా ఉన్న రోజులు. బోయిన్‌పల్లి అవతల చెవులు వినపడని పిల్లల కోసం నడిపే చిన్న బడి ఒకటి ఉండేది. హెడ్‌మిస్ట్రెస్ గ్రేస్ మిస్. చర్చి వల్ల నాకు ముందే పరిచయం. గట్టి మనిషి, బడి కోసం రాత్రనక పగలనక పాటుపడే మనిషి. బడికి ఒక పాత పెట్రోలు వ్యాను ఉండేది. ఎవరి దగ్గరో కొని, తెల్ల రంగు వేయించి, బడి పేరు రాయించారు. దాన్ని నడిపేది మల్లేశం. యాభై దాటిన మనిషి. ఆరేళ్ళుగా ఆ పిల్లల్ని తెచ్చి దించుతున్నాడు.

ఒక మంగళవారం ఆయన వ్యానును షెడ్డుకు తెచ్చాడు. గ్రేస్ మిస్ కూడా వచ్చారు. నేను అడిగితే మల్లేశం నిదానంగా చెప్పాడు.

"అరగంట మంచిగ నడుస్తది మేడం. తర్వాత జట్కాలిస్తది, కుదుపుకుంట ఆగిపోతది. పావుగంట నీడకు పెడితే మల్ల షురూ అయితది. ఎండల ఎక్కువ. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంక ఎక్కువ."

"ఇంకేమైనా?"

"ఇంకోటి ఉన్నది. ఇంజన్ షురూ అయితే పెట్రోల్ ముల్లు కిందికి పడ్తది. బంద్ చేసి వట్టిగ తాళం తిప్పితే మల్ల లేస్తది. గిదేందో నాకు సమజ్ కాలే."

నేను నవ్వాను. "పాత బండి కదా మల్లేశం. ముల్లు సంగతి పట్టించుకోకు."

ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి అని నేను కొత్తవాళ్ళకు చెప్తుంటాను. ఆ బండి జబ్బుకు తాళంచెవి లాంటి మాట ఆయన నా చేతిలో పెట్టాడు, నేను దాన్ని పక్కన పడేశాను.

ట్యాంకు దించేది మా మెకానిక్ గఫూర్ భాయ్. నేను కరెంటు మనిషిని. ట్యాంకు లోపల్నుంచి తీసిన పంపు మాత్రమే నా బల్ల మీదికి వచ్చేది. విప్పి చూశాను. బ్రష్‌లు అరిగాయి, లోపల మాడినట్టు నల్లగా ఉంది. బండి దగ్గరికి వెళ్ళి, పంపుకు కరెంటు తెచ్చే ప్లగ్గులో మీటరు పెట్టాను. పూర్తిగా పన్నెండు వోల్టులు. అంటే తీగలు బాగున్నాయి, పంపే కాలింది అనుకున్నాను.

గ్రేస్ మిస్ అడిగారు, "ఎందుకు కాలింది ఎస్తేరూ?"

చేతులు తుడుచుకుంటూ ఠక్కున చెప్పేశాను. "ట్యాంకు అడుగంటేదాకా నడిపితే ఇట్లాగే కాలుతుంది మిస్. పెట్రోలే దానికి చల్లదనం. ఇందాక షెడ్డులోకి వచ్చేటప్పుడు చూశాను, ముల్లు అడుగునే ఉంది."

ఆవిడ మల్లేశం వైపు తిరిగారు. "నిన్న సోమవారం. ఇరవై లీటర్లు పోయించావు. చీటీ నా దగ్గరే ఉంది. ఒక్కరోజులో ఎక్కడికి పోయింది?"

"ట్యాంకుల్నే ఉన్నది మేడం."

"మరి ముల్లు?"

మల్లేశం నా వైపు చూశాడు. ముల్లు సంగతి ఇందాకే కదా ఈమెకు చెప్పాను అన్నట్టు చూశాడు. నేను బల్ల మీది స్క్రూలు సర్దుతున్నాను. తల ఎత్తలేదు.

చూడండి ఎంత వింతో. ఆయన ముల్లు గురించి చెప్తే, ముల్లు మాట నమ్మొద్దు అన్నది నేనే. పంపు ఎందుకు కాలిందని అడిగితే, ముల్లును సాక్ష్యంగా తెచ్చిందీ నేనే. రెంటికీ మధ్య ఒక పూట కూడా లేదు.

కొత్త పంపు బిగించాం. బండి ఝుమ్మని నడిచింది. ఆ వారంలోనే తెలిసింది, మల్లేశాన్ని తీసేశారని. బడి వదిలే వేళ, టీచర్లూ ఆయాలూ పిల్లలూ అందరూ ఉండగా గ్రేస్ మిస్ తాళాలు అడిగి తీసుకున్నారట. పెట్రోలు అమ్ముకునేవాడిని బడిలో ఉంచలేనన్నారట. నాకు కొంచెం బాధ కలిగింది. కాని తప్పు చేశాడు కదా అనుకుని సర్దుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ బాధ మర్నాటికి లేదు.

మళ్ళీ అదే బండి

రెండు నెలలు తిరగకుండానే ఎండాకాలంలో గ్రేస్ మిస్ షెడ్డుకు వచ్చారు. వ్యానును తాడుకట్టి తెచ్చారు.

"మార్కెట్ రోడ్డు మధ్యలో ఆగిపోయింది ఎస్తేరూ. లోపల పదకొండు మంది పిల్లలు. వేడికి ఉండలేక దించాం. వెనక లారీ. హారన్ కొట్టాడు, కొట్టాడు. ఒక్క పిల్లా తిరిగి చూడలేదు. ఎట్లా చూస్తారు? నేనూ ఆయా చేతులు చాపి అడ్డం నిలబడ్డాం."

నేను కుర్చీ వేశాను, నీళ్ళిచ్చాను. ఆవిడ నీళ్ళు తాగి మెల్లగా అన్నారు.

"ఇంకొకటి. నిన్న బంకులో నేనే నిలబడి ఇరవై లీటర్లు పోయించాను. ఇంకొకరు దొరికేదాకా పెట్టుకున్న కొత్త డ్రైవరు మీద నమ్మకం లేక కాదు, ఒకసారి దెబ్బతిన్నాం కదా అని. ఇవాళ పొద్దున ముల్లు అడుగునే ఉంది. ఈ పిల్లాడూ దొంగేనా?"

షెడ్డు అటువైపు గఫూర్ భాయ్ టైరు విప్పుతున్నాడు. వెళ్ళి అడిగాను.

"భాయ్, పోయినసారి ఈ వ్యాను ట్యాంకు దించినప్పుడు పెట్రోలు ఎంత తీశావు?"

"పది లీటర్లయి రెండు క్యాన్లు నిండ. మూడో దాంట్ల సుత సగం. మల్ల దాంట్లనే పోసిన."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

గఫూర్ భాయ్ పానా కింద పెట్టి నన్ను చూశాడు. "నన్నెవరు అడిగిన్రు బెహన్?"

ఎవరూ అడగలేదు. నా బల్లకు పది అడుగుల దూరంలో సాక్షి నిలబడి ఉన్నాడు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మల్లేశం ఉద్యోగం ఉండేది.

నాలుగు వోల్టులు ఎక్కడ పోయాయి

ఇక ఆ రోజు నన్ను ఎవరూ పలకరించొద్దన్నాను. వెనక సీటు తీసేయించి, పంపు ప్లగ్గు కనపడేట్టు చేసుకున్నాను. ఈసారి ప్లగ్గు ఊడదీయలేదు. ఇంజన్ నడుస్తుండగానే, పంపు పనిచేస్తుండగానే, ప్లగ్గు వెనక నుంచి తీగలకు సన్నటి సూదులు తగిలించి మీటరు చూశాను.

తొమ్మిదిన్నర.

బ్యాటరీ దగ్గర చూశాను. పదమూడున్నర. పంపుకు చేరాల్సిన నాలుగు వోల్టులు దారిలో ఎక్కడో మాయమవుతున్నాయి.

మొదటిసారి పన్నెండు వోల్టులు ఎందుకు చూపించిందో వెంటనే అర్థమైంది. అప్పుడు ప్లగ్గు ఊడదీసి కొలిచాను. పంపు పనిచేయడం లేదు, తీగలో కరెంటు పారడం లేదు. ఇంటి కుళాయి గొట్టం సగం పూడుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నప్పుడు ఒత్తిడి పూర్తిగానే ఉంటుంది. తిప్పితేనే తెలుస్తుంది నీళ్ళు ఎంత సన్నగా వస్తున్నాయో. తీగా అంతే. ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే నిండుగా ఉన్నాననే చెప్తుంది. బరువు మోస్తున్నప్పుడు అడగాలి. ఇది నేను కొత్తవాళ్ళకు పాఠం చెప్పే విషయమే. ఆ మంగళవారం నేనే చెయ్యలేదు.

దొంగ ఏ దారిలో ఉన్నాడు? బ్యాటరీ నుంచి పంపుకు వెళ్ళే తీగలో చూశాను. పోయింది అర వోల్టు కూడా కాదు. అది మామూలే. ఇక మిగిలింది పంపు నుంచి తిరిగొచ్చే దారి, ఎర్త్. మీటరు ఒక సూది పంపు ఎర్త్ తీగకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు పెట్టాను. అక్కడ దాదాపు సున్నా రావాలి. మూడున్నర దాటింది.

"దొరికింది" అన్నాను పైకే. షెడ్డులో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ తీగ వెంబడి వేలితో తడుముకుంటూ వెళ్ళాను. వెనక మూలన ప్లాస్టిక్ మూత కింద ఒక బోల్టు. తీగ చివరి రింగు ఆ బోల్టుతో బండి ఒంటికి బిగించి ఉంది. రింగు కింద ఇనుము లేదు. తెల్ల రంగు ఉంది. బండికి రంగు వేసినప్పుడు ఎవరో బోల్టు విప్పి, ఇనుము మీద కూడా రంగు కొట్టి, ఆరాక దాని మీదే మళ్ళీ బిగించారు. అంచున ఎక్కడో గీసుకున్న చోట మాత్రమే ఇనుము తగులుతోంది. అక్కడా తుప్పు. బండి నడిచేకొద్దీ ఆ చోటు వేడెక్కి ఇంకా అడ్డుపడుతుంది. పంపు నీరసిస్తుంది, ఇంజన్‌కు పెట్రోలు చాలదు. నీడలో చల్లారితే మళ్ళీ కాస్త నడుస్తుంది. మల్లేశం చెప్పిన ప్రతి మాటా సరిపోయింది.

ఒక్కటి మిగిలింది. ముల్లు. బండి తీగల నక్షా తీసి చూశాను. ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచే సెన్సర్‌కు కూడా ఎర్త్ ఆ బోల్టే. పంపు నడిచినప్పుడల్లా ఆ బోల్టు దగ్గర వోల్టులు ఎగదన్ని, పెట్రోలు ముల్లుకు ట్యాంకు ఖాళీ అని చెప్తున్నాయి. పంపు ఆగితే ముల్లు నిజం చెప్తుంది.

పొడవాటి తీగ ఒకటి తీసుకుని ఒక కొసను పంపు ఎర్త్‌కు కలిపాను. రెండో కొసకు క్లిప్ పెట్టాను. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు కాబట్టి ఆ కొసను ముందుకు, ముందు సీటు కింద ఉండే బ్యాటరీ దాకా తెచ్చాను. ఇది మీరూ గుర్తుంచుకోండి, చివరి తగిలింపు ఎప్పుడూ ట్యాంకుకు దూరంగా ఉండాలి. ఇంజన్ స్టార్ట్ చేశాను. ముల్లు అడుక్కి పడింది. క్లిప్ బ్యాటరీ నెగటివ్‌కు తగిలించాను.

వెనక పంపు గొంతు మారింది. మూలుగుతున్నది కాస్తా సన్నటి పదునైన రొద అందుకుంది. నా కళ్ళ ముందే ముల్లు మెల్లగా లేచింది. పావు, సగం, సగం దాటి, ముప్పావు దగ్గర నిలబడింది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నేళ్ళలో ఎన్నో బండ్లు నడిపించాను, ఆ ముల్లు లేచినంత సంతోషం మరి దేనికీ కలగలేదు. ఆ వెంటనే ముంచుకొచ్చినంత సిగ్గూ మరెప్పుడూ కలగలేదు.

సేటు మాట

బోల్టు బాగు చెయ్యకుండా అట్లాగే ఉంచి సేటు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన అంతా విన్నాడు.

"మంచిగ పట్టినవ్. బోల్టు సాఫ్ చెయ్యి, బండి ఇచ్చెయ్. కొత్త పంపే ఖరాబ్ ఒచ్చిందని చెప్దాం."

"మల్లేశం ఉద్యోగం పోయింది సేటూ. నా మాట మీద."

"నువ్వు దొంగ అన్నవా? అనలే. ఆ మేడం అన్నది. షాపు పేరెందుకు తెస్తవ్ నడిమిట్ల?"

"నేను అనలేదు. కాని నేను చెప్పింది అబద్ధం. ఆ అబద్ధం మీద ఆవిడ నిలబడ్డారు."

ఆయన లెక్కల పుస్తకం ముందుకు లాక్కున్నాడు. నేను నా కోటు తీసి కొక్కేనికి తగిలించి, వ్యాను తాళాలు ఆయన బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. పొద్దున్నే లాలాగూడలో మా ఇంటి ముందు స్కూటర్ ఆగింది. సేటు.

"ఎక్కు. ఆ మల్లేశం ఎక్కడున్నడో గఫూర్ కనుక్కున్నడు. పంపు మార్చుమన్నది నువ్వు, మార్పిచ్చింది నేను. ఇద్దరం పోదాం."

నేను మొదట్లో ఆయన గురించి రాసిన కటువు మాటల పక్కన ఇది కూడా రాయకపోతే అన్యాయం.

మార్కెట్లో

మల్లేశం బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో టమాటా డబ్బాలు లారీ నుంచి దించుతున్నాడు. డ్రైవింగ్ పని ఎవరూ ఇవ్వలేదట. ఎందుకు తీసేశారని అడిగితే అబద్ధం చెప్పలేక, నిజం చెప్పినా నమ్మేవాళ్ళు లేక. నన్ను చూసి డబ్బా కింద పెట్టాడు. నేను తడబడుతూ అంతా చెప్పాను. బోల్టు, రంగు, ముల్లు. చివర్లో, "తప్పు నాది. క్షమించు మల్లేశం" అన్నాను.

ఆయన భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ముల్లు లేస్తదని నేను చెప్పిన గదా మేడం."

"చెప్పావు."

"ఇక్కడ నాకు చెప్తే ఏమొస్తది? ఏ జాగల అన్నరో ఆ జాగల చెప్పుండ్రి. పిల్లలు సుత ఉండాలె. వాళ్ళకు చెవులు వినపడయి గాని, మొఖాలు చూస్తే అన్నీ సమజ్ అయితయి. నేను గేటు దాటంగ ఒక్క పిల్ల చెయ్యి ఊపలే."

సేటు తల వంచుకున్నాడు. "పద మల్లేశం. ఇప్పుడే పోదాం" అన్నాడు.

బడి ఆవరణలో

సేటు కబురు పెడితే గఫూర్ భాయ్ వ్యానును తాడుతోనే బడికి తెచ్చాడు. గ్రేస్ మిస్‌కు ముందు ఒంటరిగా చెప్పాను. ఆవిడ చివరిదాకా విన్నారు. తర్వాత లేచి, తనే వెళ్ళి పిల్లలందరినీ బయటికి పిలిపించారు.

నేను మాట్లాడుతుంటే ఒక టీచరు చేతులతో పిల్లలకు చెప్పింది. ఈ బండి పాడైంది తీగ వల్ల. పెట్రోలు ఎవరూ తీయలేదు. నేను సరిగా చూడకుండా తప్పు చెప్పాను. ముల్లు సంగతి మల్లేశం ముందే చెప్పినా పట్టించుకోలేదు. పిల్లలు ఆమె చేతులూ నా మొహమూ మార్చి మార్చి చూశారు. నమ్మారో లేదో తెలియలేదు.

అప్పుడు వ్యాను ముందు తలుపు తెరిచి ఇంజన్ స్టార్ట్ చేశాను. ముల్లు చూడమన్నాను. పడిపోయింది. క్లిప్ తగిలించాను. లేచింది. తీశాను. పడింది. తగిలించాను. లేచింది. ఇంక ఏ టీచరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పిల్లలు ఒకరి మీద ఒకరు ఎగబడ్డారు. ఇద్దరిద్దరుగా వచ్చి చూడమన్నా వినలేదు. పదేళ్ళ పిల్ల ఒకతి నా చేతిలోంచి క్లిప్ తీసుకుని తనే తగిలించింది, తీసింది, నాలుగైదుసార్లు. ముల్లు లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి మల్లేశాన్ని చూసింది.

చివరికి క్లిప్ నాకిచ్చి, ఆయన ముందు నిలబడి చేతులతో ఏదో అడిగింది. ఆరేళ్ళలో ఆయనకు ఆ భాష వచ్చేసింది. ఆయనా చేతులతోనే జవాబిచ్చాడు. ఆ పిల్ల నన్ను చూసి ఆశ్చర్యంగా కనుబొమలు ఎగరేసింది.

"ఏమడిగింది?" అన్నాను.

మల్లేశం కొంచెం మొహమాటపడ్డాడు. "ముల్లు సంగతి నువ్వు ముందే చెప్పినవ్ గదా, ఈమెకు వినపడలేదా అని అడిగింది మేడం."

"నువ్వేమన్నావు?"

"ఇప్పుడు వినపడ్తదని చెప్పిన."

గ్రేస్ మిస్ అందరి ముందూ మల్లేశానికి చేతులు జోడించారు. తాళాలు ఆయన అరచేతిలో పెట్టారు. ఆయన వెంటనే పిడికిలి ముయ్యలేదు. "సూద్దాం మేడం, ముందు బండి బాగుకానీయుండ్రి" అన్నాడు.

నేను బోల్టు విప్పాను. గరుకు కాగితంతో రంగూ తుప్పూ పోయేదాకా, ఇనుము తళతళ మెరిసేదాకా రుద్దాను. రింగు శుభ్రం చేసి గట్టిగా బిగించాను. మీటరు పెట్టాను. పంపుకు పదమూడు దాటి వస్తున్నాయి.

"నడిపి చూద్దామా?" అన్నాను.

మల్లేశం స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. పక్కన నేను, వెనక గ్రేస్ మిస్సూ పిల్లలూ. మిట్టమధ్యాహ్నం, మంచి ఎండ. ఎత్తు రోడ్లన్నీ ఎక్కించాడు. నలభై నిమిషాలు తిరిగాం. ఒక్క జట్కా లేదు. పిల్లలు నా భుజాల మీదుగా ముల్లును చూస్తూనే ఉన్నారు. నా చెవి మాత్రం వెనక రొద మీదే ఉంది. ఎక్కడా తగ్గలేదు.

మార్కెట్ గేటు ముందుకు రాగానే మల్లేశం వ్యాను పక్కకు తీసి ఆపాడు. నేను గబుక్కున ముల్లు వైపు చూశాను.

"ఏమైంది?"

"ఏం కాలే మేడం. రేపటి సంది రానని మేస్త్రికి చెప్పి వస్త."

తలుపు తీసి దిగాడు. ఇంజన్ ఆపలేదు.